దండల పెళ్లిళ్లకు పెద్దరికం

శనివారం ఉదయం ఏడు దాటింది. తార్నాకలో మా ఫ్లాటు బాల్కనీలో కూర్చుని పేపరు తిరగేస్తుండగా తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"పేపర్లో సభాధ్యక్షులు అని పేరుండేది మీదేనా సార్?"

"అవునండీ. మీరెవరు?"

"కదిరి నుంచి మాట్లాడతాండా. మా ఊరి విలేకరిని అడిగి మీ నంబరు తీసుకున్యా. వాసంతి వాళ్ల నాయన్ని."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"పొద్దున్నే అంగడి తీసి కూసోనుండా. యూరియా కోసరం వచ్చినాయప్ప బల్ల మింద పేపరు తీసి సదివినాడు. 'ఏమన్నా, పాపకు పెండ్లయిందంట, మాకు చెప్పనేలేదే' అన్నాడు. నా బిడ్డకు పెండ్లయిన సంగతి యూరియాకు వచ్చినోడు చెప్తే నేను ఇనల్లా సార్?"

ఆయన కేకలు వేసి ఉంటే ఏదో ఒకటి అనేవాణ్నేమో. కేకలు వేయలేదు. కాసేపు ఎదురుచూసి ఫోను పెట్టేశాడు.

ఆ పెళ్లి గురువారం యూనివర్సిటీ క్యాంపస్‌లో జరిగింది. చేయించింది నేను. ఆ వార్త ఐదు వాక్యాలు. రాసిందీ నేనే. శనివారం సాయంత్రం కాచిగూడలో రైలెక్కి, ఆదివారం పొద్దున తండ్రి ఎదుట నిలబడి, పెళ్లి చేసుకున్నానని తన నోటితో తానే చెప్పాలని వాసంతి నెల ముందే టికెట్లు కొనిపెట్టుకుంది. ఆ సంగతి నాకు తెలుసు. అడిగి తెలుసుకుని నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా.

పంతులు, పాస్టరు, ఖాజీ లేకుండా పెళ్లిళ్లు చేయించే పని నేర్చుకుంటామని ఈమధ్య కొందరు యువతీ యువకులు నా దగ్గరికి వస్తున్నారు. సభలో ఏం మాట్లాడాలో రాసివ్వమని అడుగుతున్నారు. మాట్లాడటం ఈ పనిలో చిన్న భాగం. మిగతాది చెబుదామని ఇది రాస్తున్నాను.

ఈ పనికి పేరు లేదు

నా అసలు ఉద్యోగం ఒక తెలుగు దినపత్రికలో. మొదట రిపోర్టరుగా తిరిగాను, తర్వాత డెస్కులో కూర్చున్నాను. ఆ ఉద్యోగంలో ఉండగానే తెలిసినవాళ్ల పిల్లలకు దండల పెళ్లిళ్లు చేయించడం మొదలైంది. రిటైరయ్యాక అదే ఎక్కువ పని అయింది. ఎన్ని చేయించానో లెక్క పెట్టుకోలేదు.

ఈ పని చేసేవాణ్ని ఏమనాలో ఎవరికీ తెలియదు. దండల పెళ్లిని మనవాళ్లు సభలాగా జరుపుతారు కాబట్టి కార్డు మీద 'సభాధ్యక్షులు' అని అచ్చేస్తారు. పెళ్లికి అధ్యక్షుడేమిటని ఎవరూ అడగరు. ఒకసారి గోల్నాకలో ఒక పెళ్లికి వెళితే వంటాయన పెళ్లికొడుకును పక్కకు పిలిచి అడిగాడు.

"అన్నా, పంతులుకు ఏరే వండాల్నా? ఉల్లిగడ్డ ఎయ్యకుంట?"

"గీ సారే పంతులు. ముందుగాల సార్‌కు మటన్ బెట్టు" అన్నాడు పెళ్లికొడుకు.

వంటాయన నన్ను ఎగాదిగా చూసి, "గిట్లాంటి పంతుళ్లుంటే మాకు పని అల్కగైతది" అన్నాడు.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో పట్నంవాళ్లు తక్కువ. ఎక్కడెక్కడి నుంచో చదువుకో, ఉద్యోగానికో ఇక్కడికి వచ్చినవాళ్లే ఎక్కువ. సొంత ఊళ్లో అయితే ఇలాంటి పెళ్లి చేయించే మేష్టారో, సంఘం పెద్దో ఎవరో ఒకరుంటారు. ఆయన్ను అడిగితే సాయంత్రానికి ఇంట్లో తెలిసిపోతుంది. ఇక్కడ ఇంట్లో తెలియదు. అడగడానికి మనిషీ ఉండడు. ఎవరిని నమ్మాలో తెలియక వాళ్లు ఎవరినైనా నమ్ముతారు. మనల్ని నమ్మేది కూడా అలాగే. అది గుర్తుంటే సగం తప్పులు చేయం.

మొదటి పేరాలోనే

నాకు ఈ పని అంటగట్టింది మా న్యూస్ ఎడిటర్. పెద్దాయన అనేవాళ్లం. అంతకుముందు ఆయనే చేయించేవాడు. మోకాళ్లు పట్టేసి నిలబడలేక ఒక పెళ్లికి నన్ను పంపాడు.

నేను సంపాదకీయం రాసినట్టు తయారై వెళ్లాను. వివాహ వ్యవస్థ పుట్టుక నుంచి మొదలుపెట్టాను. ఆ ఇద్దరూ దండలు చేతుల్లో పట్టుకుని నిలబడే ఉన్నారు. ఇంకో నలుగురు వక్తలు తలా పావుగంట తీసుకున్నారు. ముందు వరుసలో పెళ్లికూతురి తాత కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కవాడితో అన్న మాట మైకులో కూడా వినపడింది.

"పెండ్లి అయిపోయిందా, ఇంక గాలేదా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వులకు అడగలేదు. నిజంగానే తెలియలేదు. మంత్రాల పెళ్లిలో భజంత్రీలు ఒక్కసారిగా వాయిస్తే, ఎక్కడో వెనక కబుర్లాడుతున్నవాడికి కూడా తాళి కడుతున్నారని తెలుస్తుంది. నేను ఆ గుర్తు తీసేశాను, దాని చోట ఇంకోటి పెట్టలేదు.

మర్నాడు ఆఫీసులో చెబితే పెద్దాయన, "పెళ్లి కూడా వార్తే. మొదటి పేరాలో అయిపోవాలి. వివరాలు తర్వాత" అన్నాడు.

అప్పటి నుంచి అలాగే చేశాను. అందరినీ లేచి నిలబడమంటాను. ఇద్దరూ ఎవరికి వచ్చిన మాటల్లో వాళ్లు చెప్పుకుంటారు. దండలు మార్చుకుంటారు. "పెళ్లి అయింది" అని నేను గట్టిగా చెబుతాను. చప్పట్లు. ఆ తర్వాత ఎవరైనా మాట్లాడొచ్చు, భోజనానికి వెళ్లేవాళ్లు వెళ్లొచ్చు. మూఢనమ్మకాల మీద ఉపన్యాసం మాత్రం ఇవ్వను. మొహమాటానికో ప్రేమకో వచ్చి కూర్చున్న అవ్వల నమ్మకాలను వాళ్ల మొహం మీదే ఎగతాళి చేయడం ధైర్యం కాదు. ఇది నేను తొందరగా నేర్చుకోలేదు.

పెద్దాయన దగ్గర నేర్చుకున్నది ఇంకోటి ఉంది. అది పెళ్లిళ్లకు సంబంధించింది కాదు, డెస్కు పని. "ఊరి పేరు లేని వార్త ఎవరిదీ కాదు. ఊరి పేరున్న వార్త ఆ ఊరివాడికి అందాలి" అనేవాడు. హైదరాబాద్‌లో ఏం జరిగినా అందులో ఫలానా ఊరి మనిషి ఉంటే ఆ వార్త ఆ జిల్లా ఎడిషన్‌కు కూడా వెళ్లాలి. నా కింద పనిచేసిన సబ్ఎడిటర్లందరికీ ఏళ్ల తరబడి నేను నూరిపోసింది ఇదే.

వాళ్లు తిరిగిన గుమ్మాలు

వాసంతి, జీవన్ నా దగ్గరికి వచ్చేసరికి అప్పటికే ముగ్గురిని అడిగి ఉన్నారు. ఆమెది కదిరి, తండ్రికి ఎరువుల అంగడి. కెమిస్ట్రీలో పరిశోధన చేస్తూ హాస్టల్లో ఉండేది. అతనిది జనగామ దగ్గర ఊరు, క్రైస్తవ కుటుంబం. ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. తండ్రి లేడు. తల్లి మరియమ్మ హాస్టల్ మెస్సులో వంట చేస్తుంది. తల్లీకొడుకులు మాణికేశ్వర్ నగర్‌లో అద్దెకు ఉండేవాళ్లు. పెళ్లిలో ఏ మతం తంతూ వద్దని ఇద్దరూ అనుకున్నారు. ఒకరి పద్ధతిలో చేసుకుంటే రెండోవాళ్లు ఓడిపోయినట్టు ఉంటుందని వాసంతి చెప్పింది.

"ముగ్గురు ఎవరెవరు?" అని అడిగాను.

జీవన్ వేళ్లు మడిచాడు. "ఫస్ట్ ఒక ప్రొఫెసర్ సార్. ఒప్పుకున్నడు. గని స్టేజి మీద ఆయన సంఘం బ్యానర్ గట్టాలన్నడు. మా ఇద్దరికీ ఆ సంఘంతోని సంబంధమే లేదు."

"రెండో ఆయన?"

"కవి సార్. 'ఎట్లాగూ జనం వస్తరు గదా, మీ పెండ్లిల నా పుస్తకం ఆవిష్కరిద్దాం' అన్నడు."

"మూడో ఆయన మంచోడే సార్" అంది వాసంతి. "కానీ ఇద్దరి కులాలు, మతాలు ఏందని అడిగి, ఆదర్శం అంటే మీరే అని ఒకటే ఏడ్చినాడు. మాకు బయమైంది."

తార్నాకలో థీసిస్‌లు బైండింగ్ చేసే జిరాక్స్ షాపాయన వాళ్లకు నా పేరు చెప్పాడట. "ఆ సార్ ఎక్కువ మాట్లాడడు" అన్నాడట. ఇంతకన్నా మంచి సిఫారసు నాకెవరూ చేయలేదు.

నా పద్ధతి ప్రకారం ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగాను. రిపోర్టరు అలవాటు. వయసు, కాగితాలు, ఇంతకుముందు పెళ్లయిందా, ఎవరైనా ఒత్తిడి చేస్తున్నారా. ఆఖరున ప్రతి ఒక్కరినీ మూడు ప్రశ్నలు అడుగుతాను: ఇంట్లో ఎవరికి తెలుసు? తెలియనివాళ్లకు ఎప్పుడు చెబుతారు? ఎవరు చెబుతారు?

వాసంతి ఇలా చెప్పింది.

"యూనివర్సిటీలో దించేకి వచ్చినప్పుడు మా నాయన ఒకటే మాట అన్న్యాడు సార్. 'పాపా, నువ్వు ఏమైనా చెయ్. నేను ఒప్పుకుంటానో లేదో అది తర్వాత. నీ సంగతి నీ నోట ఇనల్ల. ఊరోళ్ల నోట ఇనకూడదు' అని. ముందే చెప్తే ఆపుతాడు. ఆపితే నేను ఎదురుచెప్పలేను. అందుకే చేసుకుని పోయి చెప్తా. తిట్టనీ, కొట్టనీ. ఆ మాటైతే నిలబెట్టుకుంటా."

ఇదే నేను నోటుపుస్తకంలో రాసుకున్నది.

ఐదు వాక్యాలు

క్యాంపస్‌లో ఉన్న ఉద్యోగుల సంఘం హాలు అడగడానికి వెళితే అక్కడి గుమాస్తా, "పెండ్లా, మీటింగా? పెండ్లయితే రేటు ఏరే" అన్నాడు. కార్డు చూపించాం. సభాధ్యక్షులు అని చదివి, "ఇది మీటింగే" అని తేల్చేశాడు.

నలభై మంది దాకా వచ్చారు. మరియమ్మ ముదురాకుపచ్చ చీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. మొదలుపెట్టే ముందు నన్ను చెయ్యి ఊపి పిలిచింది.

"సారూ, దేవుని మాట వద్దన్నరంట గద. నేనొక్క చిన్న ప్రార్థన జేసుకుంటా. మైకుల గాదు. నా కుర్సీలనే."

"మీ కుర్చీలో మీరు ఏం చేసుకున్నా నేనెవర్నమ్మా అడగడానికి?" అన్నాను.

"గట్లగాదు. నా కోడలికి చెప్పుండ్రి. నేనేదో మంత్రమేసిన అనుకుంటది."

వాసంతికి చెబితే నవ్వి, వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ప్రార్థన అయ్యేదాకా లేవలేదు. ఆ తర్వాతే అందరినీ నిలబడమన్నాను. పెళ్లి పది నిమిషాల్లో అయిపోయింది.

ఇక వార్త సంగతి. దండల పెళ్లి చేయించిన ప్రతిసారీ పేపర్లో నాలుగైదు వాక్యాలు, ఒక ఫోటో వేయించడం నా అలవాటు. గొప్ప కోసం కాదు. మేం చేయించే పెళ్లికి చేతికి ఇచ్చే కాగితం ఉండదు. రేపు ఎవరైనా పిల్లను ఎత్తుకుపోయారని స్టేషన్లో ఫిర్యాదు ఇస్తే, ఇంతమంది ముందు ఇష్టపడి చేసుకున్నారని చూపించడానికి పేపరు కటింగ్ పనికొచ్చేది. ఒకటి రెండుసార్లు నిజంగానే పనికొచ్చింది. అందుకే ఆ అలవాటు మీద నాకు నమ్మకం.

భోజనాల దగ్గర వాళ్లిద్దరికీ చెప్పాను, వార్త ఇస్తున్నానని. జీవన్ ముద్ద ఆపి అడిగాడు.

"సిటీ పేజీలనే గదా సార్ వచ్చేది?"

"సిటీ పేజీలోనే. కదిరిదాకా పోదు."

నేను డెస్కుకు ఫోను చేసి కనుక్కోలేదు. కనుక్కోకుండానే మాట ఇచ్చాను. ముప్పై ఏళ్లు పేపర్లో పనిచేసినవాణ్నని వాళ్లు ఇంకో ప్రశ్న అడగలేదు.

వార్త ఎప్పటిలాగే రాశాను. 'కదిరికి చెందిన వాసంతి' అనే మాటతోనే మొదలుపెట్టాను.

శనివారం ఆ ఫోను వచ్చాక డెస్కులో ఉన్న సబ్ఎడిటర్‌కు చేశాను. నా దగ్గర పని నేర్చుకున్నవాడే.

"ఆ పెళ్లి వార్త జిల్లాకు ఎందుకు పంపావు?"

"కదిరి అని ఉంది కదా సార్." అతని గొంతులో కొంచెం సంతోషం కూడా ఉంది. "మీరు ప్రత్యేకంగా ఫోటో పంపారని అక్కడ లోపలి పేజీలో పైన పెట్టమన్నాను. మంచిగా వచ్చిందా సార్?"

మంచిగానే వచ్చిందన్నాను.

తర్వాత వాసంతికి చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది.

"ఫోటో కూడా ఉందా సార్?"

"ఉంది."

"అయితే అమ్మ కూడా చూసుంటుంది. అమ్మకు సదువు రాదు."

ఎరువుల అంగడి

టికెట్లు రద్దు చేసుకుంటారేమో అనుకున్నాను. చేసుకోలేదు. నేను కూడా వస్తానంటే జీవన్, "మీరెందుకు సార్" అన్నాడు. రావద్దని అతను అనలేదు కాబట్టి వెళ్లాను. జనరల్ బోగీలో ఎక్కి ధర్మవరంలో దిగి, వాళ్లతో కలిసి కదిరి బస్సెక్కాను.

ఆదివారమైనా అంగడి తెరిచే ఉంది. గల్లాపెట్టె వెనక ఆయన, ముందు బల్ల మీద నిన్నటి పేపరు. కూతురిని చూసి లేవలేదు, కూర్చోమనలేదు. ఎదురుగా ఉన్న రైతుకు విత్తనాల సంచి కట్టించి పంపించాడు. అప్పుడు నావైపు తిరిగాడు.

"ఫోన్లో మాట్లాడింది మీరేనా సార్?"

"నేనే. వార్త రాసింది నేను. జిల్లాకు రాదని వీళ్లకు తప్పు చెప్పింది కూడా నేనే. ఈ అమ్మాయి ఇవాళ వచ్చి మీకు చెప్పాలని నెల కిందే టికెట్లు కొనుక్కుంది."

"నాయనా..." అని వాసంతి ఏదో చెప్పబోయింది. ఆయన చెయ్యి ఎత్తాడు.

"ఊరంతా చెప్పినాక నాకు చెప్పేకి వచ్చినారా?" అని, పేపరు నావైపు తిప్పాడు. "నేను మూడుసార్లు సదివినా సార్. మీ పేరుంది. ఈ పిల్లోని పేరుంది. వాళ్లమ్మ వచ్చిందని ఆయమ్మ పేరుంది. మా ఊరి పేరుంది. నా పేరు యాడుంది?"

నిజమే. వార్తలో ఆయన పేరు లేదు. పెళ్లికి రానివాళ్ల పేర్లు రాయకపోవడం డెస్కు నియమం. అది నియమమని ఆయనకు చెప్పలేదు.

"పాపా, మీయమ్మ ఇంట్లో ఉంది. పో" అన్నాడు చివరికి. జీవన్‌ను చూడలేదు కానీ, "ఆ పిల్లోన్ని కూడా పిల్చుకోనిపో. ఎండలో నిలబడుకున్యాడు" అన్నాడు.

ఇల్లు అంగడి వెనకే. వాళ్లు మధ్యాహ్నందాకా ఉన్నారు. తల్లి ఏడ్చిందట, అన్నం పెట్టిందట. ఆయన అంగట్లోంచి కదల్లేదు. భోజనం అక్కడికే తెప్పించుకున్నాడు. నాకు కూడా ఒక విస్తరి వేయించాడు. బస్సు వేళకు వాళ్లు బయటికి వచ్చేసరికి ఆయన గోదాములో సంచులు లెక్క చూస్తున్నాడు.

ఇప్పుడు

ఈ పనిలోకి వస్తున్నవాళ్లకు నేను చెప్పేది ఇంతే. పెళ్లి చేసుకునేవాళ్లు మీకు చెప్పిన సంగతి మీది కాదు. దాన్ని ఎవరికి, ఎప్పుడు, ఎవరి నోట చెప్పాలన్నది వాళ్ల ఇష్టం. మీకు తెలియనిదాని గురించి అడిగితే తెలియదనండి, కనుక్కుని చెప్పండి. మీరు ఇంకో ఉద్యోగంలోంచి ఈ పనికి వస్తే ఆ ఉద్యోగం అలవాట్లు కూడా మీతోనే వస్తాయి. నాతో వచ్చినవాటిలో సగం మంచివి. ఏవి ఏ సగంలో ఉన్నాయో ముందుగా తెలియలేదు.

ఇప్పుడు నేను వార్తలు ఇవ్వడం మానేశాను. పేపరు కటింగ్‌ను నమ్ముకోకుండా ముందు ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి రమ్మంటున్నాను. నోటీసు నెల రోజులు రిజిస్ట్రారు ఆఫీసు బోర్డు మీద ఉంటుంది. ఆ తర్వాత ముగ్గురు సాక్షులతో వెళ్లి సంతకాలు పెట్టాలి. మూడు నెలల్లో పెట్టకపోతే ఆ నోటీసు చెల్లదు, మళ్లీ మొదటి నుంచి రావాలి.

వాసంతి, జీవన్ ఇప్పుడు వారాసిగూడలో ఒక వాటా అద్దెకు తీసుకుని ఉంటున్నారు. ఇల్లుగలాయన పెళ్లి కాగితం అడిగితే ఆ పేపరు కటింగే చూపించారట. కదిరి నుంచి వాళ్లమ్మ వారానికోసారి ఫోను చేస్తుంది. తండ్రి పక్కనే ఉంటాడు, మాట్లాడడు. వాళ్లు కూడా చట్టప్రకారం నోటీసు ఇచ్చారు. సాక్షుల్లో మరియమ్మ ఒకరు, నేనొకణ్ని. మూడో సంతకం తండ్రే పెట్టాలని వాసంతి పట్టుదల. తల్లి చేత అడిగించింది. ఆయన కాదనలేదు. "విత్తనాల సీజను పోనీ" అన్నాడట. సీజను పోయింది, ఇంకో సీజను వచ్చింది.

జిరాక్స్ షాపాయన సాక్షి సంతకానికి ఎప్పుడంటే అప్పుడు వస్తానంటున్నాడు. జీవన్‌కు అభ్యంతరం లేదు. "ఎవరు బెట్టినా సంతకమే గదా సార్, మీరన్నా చెప్పుండ్రి" అని నన్ను అడిగాడు. నేను చెప్పలేదు.

రెండు నోటీసుల గడువు తీరిపోయింది. మూడోది ఈ సోమవారం ఇచ్చారు.